ఆరు లక్షల్లో పాత ఎస్‌యూవీ: కొనేముందే అమ్మే ధర లెక్క

ప్రశ్న: మాది హన్మకొండ. ఇద్దరం ఉద్యోగులం, ఇద్దరు పిల్లలు. రోజూ కాజీపేటకు పోయి రావడం 14 కిలోమీటర్లు, నెలకోసారి హైదరాబాద్. ఆరు లక్షల చుట్టూ చిన్న ఎస్‌యూవీ చూస్తున్నాం. నాలుగేళ్లు వాడి అమ్మేస్తాం. ఇప్పటికి మూడు బండ్లు చూశాం. ఒకటి ఇక్కడే పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో 2020 నెక్సాన్ పెట్రోల్ మాన్యువల్, 48 వేల కిలోమీటర్లు, రెండో ఓనర్, 6.40 లక్షలు చెప్తున్నరు. సర్వీస్ రికార్డు 2023 జూన్ దాకానే ఉంది, ఆ తర్వాత బయట చేయించారట. రెండోది కరీంనగర్‌లో ఒకాయన దగ్గర 2018 బ్రెజా డీజిల్ జెడ్‌డీఐ, 82 వేలు తిరిగింది, సింగిల్ ఓనర్, మొత్తం షోరూం సర్వీసే, 5.90 లక్షలు. మూడోది ఢిల్లీ నుంచి తెచ్చిన 2019 ఎక్స్‌యూవీ 300 డీజిల్, 4.75కే ఇస్తామంటున్నరు. తక్కువ తిరిగేవాళ్లకు పెట్రోలే మంచిదని అందరూ అంటున్నరు. ఏది కొంటే అమ్మేటప్పుడు ఎక్కువ నష్టపోం?

జవాబు: ముందు తేల్చి చెప్తాం. వాళ్లు అడిగిన ధరకు మూడింట్లో ఏదీ కొనకండి. బ్రెజాకు కింద రాసిన పరీక్షలన్నీ చేయించండి. నిలబడి, ధర 5.40కి దిగితే తీసుకోండి. నెక్సాన్‌ను వరద నీళ్లలో మునగలేదని కింది పరీక్షలో తేలాకే బేరానికి పిలవండి. ఢిల్లీ బండి గురించి ఇంక ఆలోచించకండి. తక్కువ తిరిగేవాళ్లకు పెట్రోల్ అన్న మాట కొత్త బండి కొనేవాళ్ల విషయంలో నిజం. పాత బండి దగ్గరికి వచ్చేసరికి ఇంధనం కన్నా ముందు చూడాల్సినవి రెండున్నాయి: ఎంతమంది చేతులు మారింది, కాగితాల్లో ఎక్కడ ఖాళీ ఉంది. నాలుగేళ్ల తర్వాత మీ దగ్గర కొనేవాడు కూడా ఈ రెండే అడుగుతాడు. ఈ రోజు మీకు జవాబు దొరకని ప్రశ్న అప్పుడు మీ ధరలోంచి కోతగా తిరిగి వస్తుంది.

పాత బండి ధర దేన్ని బట్టి వస్తుంది

అమ్మేవాళ్లు సాధారణంగా తాము కొన్న ధర చెప్తారు: "ఆన్‌రోడ్ పదకొండున్నర పెట్టినం, సగానికి ఇస్తున్నం" అని. ఆ పదకొండున్నరతో మీకు పని లేదు. పాత బండికి కొలమానం అదే రకం బండి ఈ రోజు షోరూంలో కొత్తది ఎంతకు దొరుకుతుందో ఆ ధర. ఇన్సూరెన్స్ వాళ్లు ఐడీవీ (పాలసీలో బండికి రాసే విలువ) కట్టేటప్పుడూ ఇదే పద్ధతి. కంపెనీ ఇప్పటి ధర తీసుకొని, అందులోంచి వయసును బట్టి కోస్తారు: ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడు దాటితే 40, నాలుగు దాటితే 50. అయిదేళ్లు దాటాక పట్టిక ఉండదు, ఇద్దరి ఒప్పందం మీదే. ఐడీవీని మార్కెట్ ధర అనుకోవద్దు గానీ, ఆలోచించే తీరు అదే.

అందుకే 2025 సెప్టెంబరు 22 తేదీని గుర్తుపెట్టుకోండి. ఆ రోజు నుంచి కార్ల మీద జీఎస్‌టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కారుకు అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం పడేది, ఇప్పుడు 18. అదే పొడవులో 1500 సీసీ లోపు డీజిల్‌కు 31 ఉండేది, అదీ 18కి వచ్చింది. ఈ కొలత దాటిన వాటికి 40 శాతం. పన్ను లేకుండా 7 లక్షలయ్యే పెట్రోల్ బండిని తీసుకుంటే, పన్నుతో 9.03 లక్షలయ్యేది 8.26కి వచ్చింది. 77 వేలు తేడా. లైఫ్ టాక్స్ కూడా బండి ధర మీదే లెక్క కాబట్టి అదీ కొంత తగ్గుతుంది. కొత్తది ఇంత తగ్గాక పాతది అదే ధరకు నిలవదు.

మీ రెండు బండ్ల మధ్య ఇక్కడే ఒక తేడా ఉంది. నెక్సాన్ పెట్రోల్ 1199 సీసీ, కాబట్టి తగ్గింపు పూర్తిగా అందింది. బ్రెజా పొడవు నాలుగు మీటర్ల లోపే అయినా ఇప్పుడొచ్చే పెట్రోల్ ఇంజిన్ 1462 సీసీ. దానికి పన్ను 45 నుంచి 40కే దిగింది. అదే 7 లక్షల బండి లెక్కలో 35 వేలు మాత్రమే. అంటే కొత్త నెక్సాన్ దిగినంతగా కొత్త బ్రెజా దిగలేదు. అందుకే పాత నెక్సాన్ ధర మీద ఒత్తిడి ఎక్కువ, పాత బ్రెజా కొంచెం గట్టిగా నిలుస్తుంది. కన్సల్టెన్సీ ఆయన ఆ నెక్సాన్‌ను ఎప్పుడు కొన్నాడో తెలుసుకోండి. సెప్టెంబరుకు ముందు కొని పెట్టుకుంటే ఆయన 6.40 చెప్పేది పాత లెక్క. షోరూంకు పోయి అదే వేరియంట్‌కు దగ్గరి బండికి ఈ రోజు ఆన్‌రోడ్ కొటేషన్ కాగితం మీద తీసుకొని, దాన్ని ముందు పెట్టి మాట్లాడండి. నోటిమాటతో చేసే బేరం కన్నా ఆ కాగితానికి బలం ఎక్కువ.

ఆ తర్వాత ధరను కదిలించేది ఓనర్ నంబరు. ఆర్‌సీలో ఓనర్ సీరియల్ ఉంటుంది. నెక్సాన్ రెండో ఓనర్ దగ్గర ఉంది కాబట్టి మీరు మూడో వాళ్లవుతారు. మూడో ఓనర్ బండి అనగానే చాలామంది కొనేవాళ్లు ఫోన్ పెట్టేస్తారు, మిగిలినవాళ్లు గట్టిగా తగ్గించి అడుగుతారు. బ్రెజాలో మీరు రెండో ఓనర్. ఇక వయసు. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. మీరు 2030లో అమ్మేటప్పుడు నెక్సాన్‌కు ఇంకా అయిదేళ్లు ఉంటాయి, బ్రెజాకు మూడే. ఆ చివరి మూడేళ్లలో ధర త్వరగా జారుతుంది, ఎందుకంటే తర్వాత ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ టాక్స్ కట్టి, అయిదేళ్లకోసారి రెన్యూవల్ చేసుకోవాలి. ఇది బ్రెజాకు ఉన్న అసలు బలహీనత. ఇంకో సంగతి: ఆర్‌సీలో రిజిస్ట్రేషన్ తేదీతో పాటు తయారైన నెల, సంవత్సరం కూడా చూడండి. 2017 నవంబరులో తయారై 2018లో రిజిస్టరైన బండిని మార్కెట్ 2017 బండి కిందే లెక్కపెడుతుంది.

డీజిల్ బ్రెజాకు ఇప్పటికీ గిరాకీ ఉండటానికి కారణం ఉంది. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది, ఎక్కువ తిరిగేవాళ్లు మార్కెట్లో మిగిలిన పాతవాటికోసమే వెతుక్కోవాలి. ఆ 1248 సీసీ ఇంజిన్ స్విఫ్ట్‌లో, డిజైర్‌లో, ఎర్టిగాలో వచ్చిందే. ఏ ఆటోనగర్‌కు పోయినా దాన్ని విప్పి కట్టినవాళ్లు, సామాన్లు ఇచ్చేవాళ్లు దొరుకుతారు. కంపెనీ వెళ్లిపోతే ఏమవుతుందో ఫోర్డ్ ఎకోస్పోర్ట్ చూస్తే తెలుస్తుంది. బండి గట్టిదే, కానీ 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించాక అమ్మేవాళ్లు ఎక్కువయ్యారు, కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. వాడుకోవడానికి అది చవక బేరమే, నాలుగేళ్లకే అమ్మాలనుకునే మీలాంటి వాళ్లకు కాదు.

నెలకు ఎంత పడుతుంది

కొనే ధరలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏదీ తేలదు. కొన్నది, పెట్టింది కలిపి, అమ్మితే వచ్చేది తీసేసి, 48 నెలలకు భాగించండి. కింది అంకెల్లో అమ్మే ధరలు మా అంచనా. మీరు వేరే అంకెలు పెట్టుకున్నా పద్ధతి ఇదే.

బ్రెజా 5.40కి దిగిందనుకుందాం. ఇన్సూరెన్సు, బదిలీ ఖర్చు 25 వేలు, కొనగానే టైర్లు, బ్యాటరీ, బుష్‌ల వంటి వాటికి 60 వేలు. మొత్తం 6.25. పన్నెండేళ్ల వయసులో, లక్షా 15 వేల కిలోమీటర్ల దగ్గర 2.75 వస్తే నష్టం 3.50 లక్షలు, నెలకు 7,290. నెక్సాన్ 6 లక్షలకు దిగితే, ఇన్సూరెన్సుకు 25 వేలు, పనులకు 40 వేలు కలిపి 6.65. పదేళ్ల వయసులో మూడో ఓనర్ బండిగా 2.90 వస్తే నష్టం 3.75, నెలకు 7,810.

ఇంధనం చూద్దాం. మీ తిరుగుడు ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లు. పెట్రోల్ లీటరు 107 చొప్పున, లీటరుకు 14 కిలోమీటర్లు వస్తే ఏడాదికి 61 వేలు. డీజిల్ 95 చొప్పున, 19 వస్తే 40 వేలు. తేడా ఏడాదికి 21 వేలు, నెలకు 1,750. రెండూ కలిపితే నాలుగేళ్లలో బ్రెజా దాదాపు లక్షా పది వేలు మిగిలిస్తుంది. అయితే ఆ డబ్బు మీ జేబులోకి వస్తుందని ముందే అనుకోకండి. డీజిల్ సర్వీసు ఖర్చు ఎక్కువ. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లో, గాలి తోసే టర్బోనో ఒకసారి చెడితే అందులో పెద్ద ముక్క అక్కడికే పోతుంది. అందుకే పరీక్షలు. ఇంకోటి, కొనేటప్పుడు తగ్గించిన ప్రతి 50 వేలూ నెలకు 1,040 రూపాయలు. ఒక గంట ఓపిగ్గా బేరమాడితే నాలుగేళ్లు అది మీకు మిగులుతుంది.

మీకు రోజువారీ ప్రయాణం ఏడేసి కిలోమీటర్లే కదా, డీజిల్‌కు అది పడదంటారు. సగం నిజం. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. అది వేడెక్కి మసిని కాల్చుకోవాలంటే హైవే మీద ఒక స్థిరమైన వేగంతో కొంతసేపు పోవాలి. ఊళ్లోనే తిరిగితే మూసుకుపోయి లైటు వెలుగుతుంది, రిపేరు ఖరీదు. 2018 బ్రెజా బీఎస్4, దానికి ఈ బెడద లేదు. నెలకోసారి హైదరాబాద్ ప్రయాణం కూడా ఇంజిన్‌కు మేలే. కానీ రేపు ఎవరైనా 2021 డీజిల్ సోనెట్టో, వెన్యూనో చూపిస్తే మాత్రం మీ వాడకానికి వద్దనండి.

నెక్సాన్, 2023 జూలై

సర్వీస్ రికార్డు 2023 జూన్‌లో ఆగిపోయిందని చదివినప్పుడు మాకు మొదట తట్టింది ఆ తర్వాతి నెల. 2023 జూలై చివర్లో పడ్డ వానలకు వరంగల్, హన్మకొండ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. హంటర్ రోడ్ వైపు, నయీంనగర్ నాలా పక్కన మనుషులనే పడవల్లో తీశారు, బండ్ల సంగతి ఎవరు చూస్తారు? అప్పుడు మునిగిన కార్లు ఎన్నో కడిగి, ఆరబెట్టి మళ్లీ రోడ్డెక్కాయి. ఈ నెక్సాన్ అందులో ఒకటని మేం అనడం లేదు. వారంటీ అయిపోయాక బయట సర్వీసుకు మారడం మామూలే. 2020 బండికి మూడేళ్ల దగ్గర అలా జరగడం సహజం కూడా. కానీ తేదీ అక్కడ కలిసింది కాబట్టి, అనుమానం తీరేదాకా బయానా ఇవ్వకండి. ఈ ప్రాంతంలో పాత బండి ఏది చూసినా 2020 అక్టోబరు హైదరాబాద్ వరద, 2024 సెప్టెంబరు ఖమ్మం మున్నేరు వరద, 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానలు గుర్తుంచుకోండి. ఆ నెలల తర్వాత చేతులు మారిన బండి, సర్వీసు రికార్డు తెగిపోయిన బండి అయితే ఈ పరీక్ష తప్పదు.

పరీక్ష చాలావరకు మీరే చేసుకోవచ్చు. నాలుగు సీట్ బెల్టులూ చివరిదాకా లాగండి. పైన ఎంత శుభ్రం చేసినా లోపల చుట్టుకొని ఉన్న చివరి అరగజంలో బురద చార మిగులుతుంది. ముందు సీట్లు వెనక్కి జరిపి కింది పట్టాల బోల్టులకు తుప్పుందేమో చూడండి. డ్రైవర్ పక్కన కార్పెట్ అంచు ఎత్తి కింది నురుగును చేత్తో నొక్కండి, వాసన చూడండి. ఫ్యూజ్ బాక్సు మూత తీసి పచ్చటి పొడి, తెల్లటి పొడి ఉందేమో చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో మట్టి గీత కోసం టార్చి వేయండి. ఏసీ పెట్టగానే వచ్చే మొదటి గాలి ముక్కిన వాసన వస్తే కారణం అడగండి. ఎయిర్‌బ్యాగ్ లైటు తాళం తిప్పగానే వెలిగి, కొన్ని సెకన్లకు ఆరాలి. వెలిగే ఉంటే లోపం. అసలు వెలగకపోతే ఇంకా అనుమానం, ఎవరో దాన్ని దాచారు.

నీళ్లు తాకిన బండి వెంటనే చెడదు, అదే మోసం. వైరింగ్ కనెక్టర్లలో తడి మెల్లగా తుప్పు పట్టిస్తుంది. ఆరు నెలలకో, ఏడాదికో ఒక రోజు పవర్ విండో, ఇంకో రోజు ఏబీఎస్ లైటు, మరో రోజు స్టార్ట్ కాకపోవడం. ఏ మెకానిక్కూ ఒక్కసారిలో దొరకదు.

కాగితాల వైపు నుంచి ఇంకో దారి ఉంది. ఇప్పటి ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడండి. క్లెయిమ్ లేని ఏళ్లను బట్టి అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది, ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు పడుతుంది. బోనస్ బండిది కాదు, మనిషిది. కాబట్టి రెండో ఓనర్ కొన్న తేదీ నుంచి లెక్కపెట్టండి. ఆయన కొని మూడేళ్లయి, బోనస్ సున్నా అయితే ఈ మధ్య క్లెయిమ్ జరిగింది. దేనికని అడగండి. బ్రెజాకూ ఇదే చూడండి: ఎనిమిదేళ్ల సింగిల్ ఓనర్ బండికి ఈమధ్య అయిదేళ్లలో క్లెయిమ్ లేకపోతే 50 శాతం ఉండాలి.

ఇవన్నీ దాటితే నెక్సాన్ మంచి బండే. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో 2018లో అయిదు నక్షత్రాలు వచ్చాయి, పాత బ్రెజాకు నాలుగు. టర్బో పెట్రోల్ కాబట్టి ఇంజిన్ ఆయిల్ సమయానికి మార్చారా అన్నదే దాని ఆయుష్షు. బయట సర్వీసు చేయించినా ఆయిల్, ఫిల్టర్ బిల్లులైనా చూపించాలి. అవీ లేకపోతే 5.60కి పైన ఒక్క రూపాయి పెట్టకండి.

బ్రెజా దగ్గర ఏం చేయాలి

కరీంనగర్‌కు పొద్దున్నే చేరండి, ముందురోజే ఫోన్ చేసి "బండి స్టార్ట్ చేయకుండా ఉంచండి" అని చెప్పండి. చేరగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మధ్యాహ్నం దాకా ఆగండి. చల్లటి ఇంజిన్ మీదనే డీజిల్ లోపాలు బయటపడతాయి. గ్లో ప్లగ్ లైటు ఆరాక తాళం తిప్పితే ఒకటి రెండు సెకన్లలో అందుకోవాలి. ఈ ఇంజిన్‌కు టైమింగ్ చైన్ ఉంటుంది. మొదటి క్షణాల్లో గొలుసు ఈడ్చినట్టు గరగర వచ్చి ఆగకుండా సాగితే చైన్, టెన్షనర్ పని ఉన్నట్టు. పొగ చూడండి. నీలం పొగ ఆయిల్ కాలుతోందని, తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందనో, డీజిల్ సరిగ్గా కాలడం లేదనో, గట్టిగా తొక్కినప్పుడు దట్టమైన నల్లపొగ ఇంజెక్టర్లదో గాలి దారిదో లోపం.

ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, ఆ రంధ్రం మీదే తిరగేసి పెట్టండి. కొంచెం ఊగడం మామూలు. ఎగిరి పడేలా గాలి తన్నితే పిస్టన్ రింగులు అరిగాయి, అక్కడితో ఆ బండిని వదిలేయండి. మూత లోపల పాలమీగడలాంటి జిగురుంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయి. టర్బో నుంచి వచ్చే రబ్బరు గొట్టం కీళ్ల దగ్గర కొద్దిగా నూనె తడి పరవాలేదు, కారుతుంటే టర్బో సీలు అనుమానించండి.

రోడ్డు మీద నాలుగో గేరులో 40 వేగంతో పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ఎగిరి బండి మాత్రం నెమ్మదిగా పోతే క్లచ్ జారుతోంది. ఈ ఇంజిన్ రెండువేల ఆర్‌పీఎం లోపు మందంగా ఉండటం దాని స్వభావం, దాన్ని లోపం అనుకోకండి. ఆ తర్వాత ఊపు రాకపోతేనే టర్బో వైపు చూడాలి. స్పీడ్ బ్రేకర్ మీద ఒక చక్రం ఎక్కించి దింపండి. టక్కున కొడితే లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు. అవి చిన్న ఖర్చే, బేరానికి పనికొస్తాయి. తిరిగొచ్చాక ఇంజెక్టర్ పంప్ షాపుకు తీసుకెళ్లి నాలుగు ఇంజెక్టర్లకూ లీకాఫ్ పరీక్ష చేయించండి. ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను సీసాల్లో పడతారు. నాలుగూ దాదాపు సమానంగా రావాలి. ఒకటి మిగతావాటి కంటే ఎత్తుగా నిండితే అది పోతున్నట్టు. అమ్మేవాళ్లు చేయించనివ్వకపోతే అదే మీకు జవాబు.

82 వేలు నిజమో కాదో తేల్చడం ఇక్కడ తేలిక, షోరూం సర్వీస్ ఉంది కాబట్టి. బిల్లులన్నీ తేదీల వరుసలో పెట్టి పక్కన కిలోమీటర్లు రాయండి. ఎక్కడైనా అంకె వెనక్కి పోయినా, ఏడాదంతా రెండు వేలే తిరిగినట్టున్నా మీటర్ తిప్పారేమో అడగాలి. టైరు పక్కన ముద్రలో చివరి నాలుగు అంకెలు తయారీ వారం, సంవత్సరం: 2322 అంటే 2022లో 23వ వారం. 82 వేలు తిరిగిన బండికి ఒకసారైనా టైర్లు మారి ఉండాలి. జెడ్‌డీఐకి 215/60 ఆర్16 సైజు, నాలుగూ మార్చాలంటే ముప్పై వేలకు అటూ ఇటూ. టైర్లు ఆరేళ్లు దాటాయంటే ఆ డబ్బు ధరలోంచి తీయించండి.

గ్రానైట్ క్వారీలకో, రామగుండం వైపు బొగ్గు పనులకో తిరిగిన బండా అని కూడా అడగండి. ఆ దుమ్ము ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో, ఏసీ ఎవాపరేటర్‌లో, కింది భాగంలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఫిల్టర్ పెట్టె మూత తీస్తే ఫిల్టర్ దాటి లోపలివైపు కూడా దుమ్ము కనిపిస్తే ఆ ఇంజిన్ దుమ్ము మింగింది.

దెబ్బలు తెలుసుకోవడానికి పెయింట్ మందం కొలిచే మీటరు ఉన్న మెకానిక్‌ను వెంటబెట్టుకోండి. కంపెనీ పెయింట్ సుమారు 80 నుంచి 140 మైక్రాన్లు, 200 దాటితే మళ్లీ వేసింది, 300 పైన పుట్టీ ఉంది. తలుపు గీతకు టచప్ చేయించడం పెద్ద విషయం కాదు. పిల్లర్ (తలుపుల పక్క స్తంభం) మీద, ముందు ఏప్రాన్ (బానెట్ కింద లోపలి రేకు) మీద, డిక్కీ అడుగున వెల్డింగు చెదిరి ఉంటే చాలా పెద్ద విషయం. అద్దాల మీద ముద్రల్లో కంపెనీ, సంవత్సరం అన్నింటికీ ఒకటేనా చూడండి.

ఢిల్లీ బండి ఎందుకు వద్దు

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లకు నిషేధం అన్న భయం చాలాకాలంగా ఉంది కాబట్టి వయసు పెరిగేకొద్దీ చవకగా వదిలించుకుంటారు. చవకకు కారణం నిజమైనదే. కానీ 4.75 పూర్తి ధర కాదు. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) రావాలి, లోన్ ఉంటే బ్యాంకు నుంచి వేరే, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. టాక్స్ ఎంతో హన్మకొండ రవాణా శాఖ కార్యాలయంలో ఆర్‌సీ, ఇన్వాయిస్ కాపీ చూపించి ముందే అడగండి, ఈ రకం బండికి లక్ష దగ్గర్లో ఉండొచ్చు. ఢిల్లీ నంబరుతోనే తిప్పుకోండని ఎవరన్నా అంటే నమ్మకండి. వేరే రాష్ట్రం బండిని ఏడాదికి మించి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తప్పనిసరి.

అమ్మేటప్పుడు ఇంకో కిరికిరి. తెలంగాణలో టీజీ సిరీస్ మొదలైంది 2024 మార్చిలో. అంతకుముందు ఇక్కడ రిజిస్టరైనవి టీఎస్ నంబరుతోనే ఉన్నాయి. 2019 మోడల్‌కు టీజీ నంబరు కనబడగానే అది బయటి నుంచి వచ్చిందని తెలిసినవాళ్లు చూడగానే చెప్తారు. మీరు దాచేదేమీ లేకపోయినా ధర దిగుతుంది.

డబ్బు, కాగితాలు

లోన్ తీసుకుంటారేమో, మీరు రాయలేదు. పాత కారు లోన్ వడ్డీ కొత్తదాని కన్నా ఎక్కువ. 5 లక్షలకు నాలుగేళ్లు 13 శాతమైతే నెలకు 13,400 దాకా, మొత్తం వడ్డీ లక్షా 44 వేలు. అదే 9 శాతమైతే వడ్డీ 97 వేలు. తేడా 47 వేలు. ఉద్యోగులు కాబట్టి మీ జీతం పడే బ్యాంకులో, మీ సొసైటీలో వడ్డీ ముందు కనుక్కోండి, కన్సల్టెన్సీ చూపించే ఫైనాన్స్ తర్వాత.

బ్రెజా ఆర్‌సీలో హైపోథికేషన్ (లోన్ తాకట్టు) ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 చేతికొచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. బదిలీకి ఫారం 29 అమ్మేవాళ్లది, ఫారం 30 ఇద్దరిదీ. రాష్ట్రంలోపలే కాబట్టి అమ్మేవాళ్లు 14 రోజుల్లో తెలియజేయాలి, మీరు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకొని "తర్వాత చేయించుకోండి" అనే ఏర్పాటుకు ఒప్పుకోకండి. నెక్సాన్ వైపు వెళ్తే, 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలరుకు రవాణా శాఖ అనుమతి పత్రం ఫారం 29బీ ఉండాలి, బండి ఆయనకు అప్పగించినట్టు ఫారం 29సీ ఉండాలి. రెండూ చూపించమనండి.

బయానా పదివేలు మించి ఇవ్వకండి, అదీ బ్యాంకు ద్వారా. బండి నంబరు, చాసిస్ నంబరు, ఒప్పుకున్న ధర, పరీక్షల్లో ఫెయిలైతే తిరిగిచ్చే షరతు కాగితం మీద రాయించుకోండి. ఆ రోజే పోలీసుల ఈ-చలాన్ సైటులో పెండింగు జరిమానాలు చూడండి. పాత ఫాస్టాగ్ అమ్మేవాళ్లే మూసేయాలి, లేకపోతే మీది పని చేయదు. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోండి. ఆలస్యమైతే మీ బండికి దెబ్బ తగిలినప్పుడు ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ తిరస్కరించే వీలుంటుంది.

తొందర లేకపోతే ఆషాఢంలో వెతకండి. మనవైపు ఆ నెలలో బండ్లు కొనేవాళ్లు తక్కువ, కన్సల్టెన్సీల్లో సరుకు నిలిచి ఉంటుంది, మాట త్వరగా దిగుతుంది. దసరా ముందు అదే బండికి అదే మనిషి ఎక్కువ అడుగుతాడు. మీరు అమ్మే ఏడాది దీన్నే తిప్పి పెట్టుకోండి. దసరాకు నెల ముందు బండి కడిగించి, ఆ నాలుగేళ్ల ఆయిల్ బిల్లులు, టైరు బిల్లులు ఒక ఫైల్లో వరుసగా పెట్టి చూపించండి. అందుకోసం మొదటి బిల్లు కొన్న వారంలోనే ఆ ఫైల్లో పడాలి. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ అన్నీ ఒకేసారి మార్పించండి, పాత ఓనర్ నిన్ననే మార్చానన్నా సరే.